టమాటాకు కాపలా కాసే బూజు

ప్లేగుతో ఒకప్పుడు ఖాళీ అయిన సూరత్‌లో ఇప్పుడు సూక్ష్మజీవులు కిలోల లెక్కన అమ్ముడవుతున్నాయి. పాలీహౌస్ రైతుకు అవి ఎంతవరకు ఆసరా?

కంటికి కనిపించని జీవి ఏంచేయగలదో సూరత్‌కు తెలిసినంతగా దేశంలో మరో నగరానికి తెలియదేమో. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త గుప్పుమనగానే లక్షలాది మంది మూటాముల్లె సర్దుకుని రైలెక్కారు. మరమగ్గాలు మూగబోయాయి, వజ్రాల సానలు ఆగిపోయాయి. డాక్టర్లు కూడా కొందరు క్లినిక్‌లకు తాళాలేసి ఊరు విడిచారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చి, చీపురు పట్టించి, కాలువలు తోడించి, నగరాన్ని పరిశుభ్రతలో దేశానికే పాఠంగా మార్చిన అధికారి సూర్యదేవర రామచంద్రరావు తెలుగువాడే. ఆయన వేసిన పునాది చెదరలేదు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్ మొదటి ర్యాంకు పంచుకుంది.

క్రిములంటే హడలిపోయిన ఆ జిల్లాలోనే ఇప్పుడు రైతులు సంచుల్లో కట్టిన సూక్ష్మజీవుల్ని కొనుక్కెళ్లి పొలంలో చల్లుతున్నారు. వాటిలో అన్నింటికంటే ఎక్కువగా వినిపించే పేరు ట్రైకోడెర్మా. ఆకుపచ్చ రంగు బూజు. నిల్వ ఉన్న రొట్టె మీద, తడిసిన చెక్క మీద కనిపించే పచ్చని పొడికి దూరపు చుట్టం. మొక్కల్ని చంపే బూజుల్ని ఇది చంపి తింటుంది. తెలుగు రైతులకు కూడా కొత్త పేరేమీ కాదు. వేరుశనగ, మిరప విత్తనాలకు పట్టించే అలవాటు అనంతపురంలోనూ, ఖమ్మంలోనూ ఉంది. కానీ పాలీహౌస్‌లో, లక్షల రూపాయల అప్పు మీద నిలబెట్టిన ప్లాస్టిక్ కప్పు కింద, దాని అవసరం వేరు.

సూరత్‌కు తెలుగువాళ్ల దారి నవజీవన్ ఎక్స్‌ప్రెస్. చెన్నైలో బయల్దేరి విజయవాడ, ఖమ్మం, వరంగల్ మీదుగా అహ్మదాబాద్ వెళ్లే ఈ రైల్లో జనరల్ బోగీ ఎక్కితే దారి పొడవునా తెలుగే. భుసావల్ దాటాక తపతి లైను మొదలవుతుంది. నందూర్‌బార్ తర్వాత మహారాష్ట్ర పోయి గుజరాత్ వస్తుంది. వ్యారా, బార్డోలీ స్టేషన్ల మధ్య కిటికీలోంచి చూస్తే ఎటుచూసినా చెరకు, అరటి. 1928లో వల్లభ్‌భాయ్ పటేల్‌ను సర్దార్‌ను చేసిన పన్ను నిరాకరణ ఉద్యమం ఈ నల్లరేగడి మీదే జరిగింది. ఇప్పుడు ఇక్కడ పన్నుల గొడవ లేదు, నీటికీ కొదవ లేదు. 1972లో పూర్తయిన ఉకాయ్ డ్యామ్, దాని దిగువన కాక్రాపార్ కాలువలు పొలాలను ఏడాది పొడవునా తడుపుతున్నాయి. కోనసీమ నుంచి వచ్చినవాడు ఈ పచ్చదనానికి ఆశ్చర్యపోడు గానీ, నల్గొండ నుంచి వచ్చినవాడు కళ్లార్పకుండా చూస్తాడు.

చూసేవాళ్లలో ఎక్కువ మంది నల్గొండ, వరంగల్, కరీంనగర్ వాళ్లే. చేనేత చితికిపోయి మరమగ్గాల కోసం వచ్చిన పద్మశాలీలు లింబాయత్, ఉధ్నా, పర్వత్ పాటియా ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడ్డారు. కార్పొరేషన్ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మీడియం కూడా ఉందంటే ఎంత మంది ఉన్నారో ఊహించుకోవచ్చు. వీళ్లను వెనక్కి రప్పించాలన్న ఆశతోనే 2017 అక్టోబరులో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు తెలంగాణ ప్రభుత్వం శంకుస్థాపన చేసింది. అది వేరే కథ. ఇక్కడ చెప్పదలచుకున్నది చిన్న విషయం. లింబాయత్ సందుల్లో తోపుడుబండి దగ్గర తెలుగువాళ్లు కొనే టమాటాకీ, ఇంటి దగ్గర మదనపల్లె నుంచి వచ్చే టమాటాకీ రోగాలు మాత్రం ఒకటే.

నగరానికి కూరగాయలు దిగేది సర్దార్ మార్కెట్‌లో. సహారా దర్వాజా వైపు వ్యవసాయ మార్కెట్ కమిటీ నడిపే ఈ హోల్‌సేల్ మార్కెట్ తెల్లవారక ముందే కిటకిటలాడుతుంది. టమాటా లారీల్లో పెద్ద వాటా ఘాట్లు దిగి నాసిక్ వైపు నుంచి వచ్చేదే. సూరత్ జిల్లా రైతు బెండ, వంకాయ, చిక్కుడు, కందల్లో మొనగాడు. చలికాలంలో ఊరంతా వండుకునే ఊంధియు కూరకు కావాల్సినవన్నీ చుట్టుపక్కలే పండుతాయి. టమాటా మాత్రం ఇక్కడి వానాకాలానికి తట్టుకోలేదు. జూన్ నడుమ మొదలై సెప్టెంబరు దాకా కురిసే వాన, సముద్రం మీది నుంచి వచ్చే తేమ, నీరు త్వరగా ఇంకని నల్లరేగడి... ఈ మూడూ కలిస్తే టమాటాకు గండమే. అన్నట్టు, ఈ మార్కెట్‌లో కుళ్లిన కూరగాయలు కూడా వృథా కావు. వాటిని సూక్ష్మజీవులకు అప్పగించి గ్యాస్ తీసి అమ్ముతున్నారు. కుళ్లడాన్ని కూడా ఆదాయంగా మార్చుకోవడం సూరతీ బుర్రకే చెల్లింది.

వానాకాలంలో టమాటా ధర చెట్టెక్కుతుంది. 2023 జులైలో దేశంలోని చాలా నగరాల్లో కిలో 200 రూపాయలు దాటిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. అందరి దగ్గరా పంట పోయినప్పుడు తన దగ్గర ఉంటే చాలునన్న ఆశే రైతును పాలీహౌస్ వైపు నడిపిస్తుంది. జాతీయ ఉద్యానవన మిషన్ 2005లో మొదలైన దగ్గరి నుంచి ఖర్చులో దాదాపు సగం రాయితీగా వస్తోంది. సూరత్, నవసారి జిల్లాల్లో చెరకు తోటల మధ్య తెల్లని కప్పులు అలా లేచినవే. తెలంగాణ ఇంకో అడుగు ముందుకేసి 2014 తర్వాత 75 శాతం రాయితీ ఇవ్వడంతో చేవెళ్ల, మొయినాబాద్ వైపు కూడా ఇవే కప్పులు వెలిశాయి. మిగతా సొమ్ము బ్యాంకుది. బ్యాంకు వాయిదాకు పంట పోయిందా, పండిందా అన్నది అనవసరం.

పాలీహౌస్ వానను ఆపుతుంది. తేమను ఆపదు. పైగా బంధిస్తుంది. రాత్రి చల్లబడగానే ప్లాస్టిక్ లోపలి వైపు నీటి బిందువులు పట్టి తెల్లవారుజామున మొక్కల మీద రాలతాయి. ఆకు కొన్ని గంటల పాటు తడిగా ఉంటే చాలు, శిలీంధ్ర బీజం మొలకెత్తడానికి అంతకంటే మంచి ముహూర్తం అక్కర్లేదు. అసలు చిక్కు మట్టిలో ఉంది. బయట పొలంలో ఒకసారి వరి, ఒకసారి పెసర అంటూ పంట మారుస్తారు. పాలీహౌస్‌లో పెట్టుబడి తిరిగి రావాలంటే కాప్సికం తర్వాత టమాటా, మళ్లీ కాప్సికం. రెండూ ఒకే కుటుంబం. ఒకే నేల, ఒకే డ్రిప్పు పైపు, ఒకే తడి. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి ఆ నేల రోగాల పుట్ట అవుతుంది.

మొదట నారు పోతుంది. మొలిచిన వారంలోనే కాడ మొదట్లో నీరు పట్టినట్టు మెత్తబడి, దారంలా సన్నబడి పడిపోతుంది. పితియం చేసే పని. దీన్నే మన రైతులు నారుకుళ్లు అంటారు. నారుమడి గట్టెక్కితే ఫ్యుసేరియం కాచుకుని ఉంటుంది. వేళ్లలోంచి దూరి, నీరు పైకెక్కే నాళాల్లో గూడు కడుతుంది. కింది ఆకులు ఒకవైపే పసుపు పచ్చబడతాయి. మధ్యాహ్నం వాలిన మొక్క సాయంత్రం కోలుకున్నట్టు కనిపించి, నాలుగు రోజుల తర్వాత ఇక లేవదు. కాడను చీల్చి చూస్తే లోపల గోధుమరంగు చార. దీని బీజాలు నేలలో ఏళ్ల తరబడి బతుకుతాయి. మూడోది స్క్లెరోషియం. ఆవగింజల్లాంటి గుండ్రని గింజలు మొక్క మొదట్లో కనిపిస్తే అదే. 30 డిగ్రీల వేడి, తడి నేల దానికి పండగ. అంటే సూరత్ వానాకాలం మొత్తం. వీటికి తోడు నులిపురుగులు వేళ్లకు గాయాలు చేసి ఫ్యుసేరియానికి తలుపులు తీస్తాయి.

ఈ జాబితా వినగానే మందుల షాపుకు పరుగెత్తడం మామూలే. సూరత్‌లో ఆ పరుగు మరీ దగ్గర. ఉత్తరాన నర్మద దగ్గర అంకలేశ్వర్, దక్షిణాన వాపి. దేశంలో పురుగుమందుల తయారీకి ఈ రహదారే వెన్నెముక. ఈ రెండు రసాయన పట్టణాల నడుమ ఉన్న నేలలో ఓ బూజును నమ్ముకోమని రైతుకు చెప్పడం ఆషామాషీ కాదు.

అయినా చెబుతున్నారు. అందుకు కారణం ఉంది. రసాయనంతో గానీ, ఫార్మాలిన్‌తో గానీ మట్టిని కడిగేస్తే మంచీ చెడూ అన్ని జీవులూ చస్తాయి. నేల ఖాళీ అవుతుంది. ఖాళీ నేలలోకి ముందు ఎవరు వస్తే వాళ్లదే రాజ్యం. చాలాసార్లు ముందు వచ్చేది పితియమే. పండగ సీజన్‌లో ఆర్టీసీ బస్టాండుకు వెళ్లినవాళ్లకు ఈ సూత్రం వేరే చెప్పక్కర్లేదు. కిటికీలోంచి తువ్వాలు వేసినవాడిదే సీటు. ట్రైకోడెర్మా చేసే మొదటి పని అదే. వేగంగా పెరిగి, వేళ్ల చుట్టూ ఉన్న చోటును, తిండిని ముందే ఆక్రమిస్తుంది.

రెండో పని దాడి. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో ఒకవైపు రోగకారక బూజును, మరోవైపు ట్రైకోడెర్మాను పెడితే నాలుగైదు రోజుల్లో తేలిపోతుంది. తెల్లని బూజు పెరగడం ఆగిపోతుంది, దాని మీదికి పచ్చని పొర పాకుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే తీగ పందిరికి చుట్టుకున్నట్టు ట్రైకోడెర్మా పోగులు శత్రువు పోగుల చుట్టూ మెలికలు వేసి కనిపిస్తాయి. శత్రువు గోడలోని కైటిన్, గ్లూకాన్ పదార్థాలను కరిగించే ఎంజైములు వదిలి, లోపలి సారాన్ని పీల్చుకుంటుంది. దీన్ని 1932లో రిచర్డ్ వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త కాలిఫోర్నియాలో గమనించి లోకానికి చెప్పాడు. ఆ తర్వాత రసాయన మందుల జోరు మొదలై ఈ సంగతి దశాబ్దాల పాటు పుస్తకాలకే పరిమితమైంది.

మూడోది చిత్రమైన పని. వేరు దగ్గర స్నేహపూర్వక బూజు గానీ, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా గానీ చేరితే మొక్క మొత్తం అప్రమత్తమవుతుంది. పొలిమేరలో అలికిడి విని ఊరంతా తలుపులు గడియ పెట్టుకున్నట్టు ఆకుల్లో రక్షణ పదార్థాలు సిద్ధమవుతాయి. వేరుకు వేసిన మందు ఆకుకు కూడా పనికొచ్చే కిటుకు ఇక్కడ ఉంది.

సూరత్‌లో చెప్పుకోవాల్సిన ఇంకో ముచ్చట ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు, దుస్తులు ఎందుకో ఊరికే చివికిపోతుంటే కారణం వెతికారు. దొరికిన దొంగ ట్రైకోడెర్మాయే. సోలమన్ దీవుల గుడారం గుడ్డ నుంచి తీసిన రకానికి తర్వాత ఎల్విన్ రీస్ అనే పరిశోధకుడి పేరు మీద రీసీ అని పేరు పెట్టారు. నూలును తినే దాని ఎంజైములనే ఇప్పుడు జీన్స్ బట్టలు మెత్తబరచడానికి, నూలు గుడ్డకు నునుపు తేవడానికి బట్టల పరిశ్రమ వాడుతోంది. రింగు రోడ్డు మార్కెట్లలో కొండల్లా పేర్చిన సూరత్ చీరలకు మాత్రం దీని భయం లేదు. అవి పాలియెస్టర్. ట్రైకోడెర్మాకు అరగదు.

నగరం నడిబొడ్డున అఠ్వా ఫారంలో నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. చుట్టూ అపార్టుమెంట్లు కమ్ముకొచ్చిన ఈ పచ్చని జాగాకు పత్తి రైతులు ఓ దండం పెట్టాలి. 1970లో సి.టి. పటేల్ ఇక్కడి పత్తి పరిశోధన కేంద్రం నుంచే హెచ్-4 అనే సంకర పత్తిని విడుదల చేశారు. వాణిజ్య స్థాయిలో ప్రపంచంలోనే తొలి హైబ్రిడ్ పత్తి అది. గుంటూరు, వరంగల్ రైతులు ఆ తర్వాత చూసిన హైబ్రిడ్ పత్తి వైభవానికీ, పురుగుమందుల విషాదానికీ దారి తెరుచుకున్నది ఇక్కడే అనడం అతిశయోక్తి కాదు. పక్కనే జొన్న పరిశోధన కేంద్రం. జొన్నకూ మన బూజుకూ సంబంధం ఉంది. ట్రైకోడెర్మాను పెంచడానికి చౌకైన తిండి ఉడికించిన జొన్నలే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ జీవ నియంత్రణ కారకాలను రైతులు సొంతంగా తయారు చేసుకోవడంలో శిక్షణ ఇస్తోంది. ఆసక్తి ఉన్న తెలుగు రైతు సూరత్ దాకా రావాల్సిన పనిలేదు.

సూరత్ నుంచి దక్షిణంగా గంట ప్రయాణంలో నవసారి. పార్సీల పాత పట్నం, జంషెడ్జీ టాటా పుట్టిన ఊరు. 2004 మే నెలలో గుజరాత్ వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని నాలుగుగా విడదీసినప్పుడు ఇక్కడి కళాశాల విశ్వవిద్యాలయంగా మారింది. పారేసే అరటి బోదె నుంచి రసం పిండి ద్రవ ఎరువు తయారుచేసిన పేరు దీనిది. మరోవైపు పడమట తపతి సముద్రంలో కలిసే చోట హజీరా. గ్యాస్, ఉక్కు, ఓడరేవులతో నిండిపోయిన ఈ తీరంలో 1986 నుంచి యూరియా తయారుచేస్తున్న సహకార సంస్థ క్రిభ్‌కో అదే ఆవరణలో జీవ ఎరువుల యూనిట్ కూడా నడుపుతోంది. నత్రజనిని పట్టే అజటోబాక్టర్, భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా అక్కడ సీసాల్లోకి ఎక్కుతాయి. ఒకే ప్రహరీ లోపల బస్తా యూరియా, సీసా బ్యాక్టీరియా. ఏది ఎక్కువ అమ్ముడవుతుందో అడగనక్కర్లేదు.

పాలీహౌస్‌లో దీన్ని వాడే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్య కాదు. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీడలో కుప్ప పోసి, తడి గోనెసంచి కప్పి, పది పదిహేను రోజులు ఉంచాలి. తడి ఆరకుండా అప్పుడప్పుడు నీళ్లు చిలకరించి తిరగెయ్యాలి. కుప్ప మీద పచ్చని పొర కమ్మితే బూజు ఎదిగినట్టు. దాన్ని మడులపై చల్లి కలియదున్నాలి. ట్రేలలో నారు పెంచేవాళ్లు కొబ్బరి పొట్టులోనే కలిపేస్తే నారుకుళ్లుకు మొదట్లోనే అడ్డుకట్ట. అంతకంటే ముందు సూరత్ రైతుకు ప్రకృతి ఇచ్చిన వరం మే నెల ఎండ. మడులను తడిపి పారదర్శకమైన పాలిథిన్ షీటు గాలి చొరకుండా పరిచి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేస్తే పైమట్టి ఉడికి చాలా రోగ బీజాలు చస్తాయి. ఆ వెంటనే ట్రైకోడెర్మా కుప్పను చల్లితే సీటు మనవాడిదే.

ఆకుల మీద వచ్చే రోగాలకు వేరే సైన్యం ఉంది. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాను బూజు తెగుళ్లపై పిచికారీ చేస్తారు. బూడిద తెగులును తినే ఆంపిలోమైసిస్ అనే మరో బూజు ఉంది. నులిపురుగుల గుడ్లను పట్టే పర్పురియోసిలియం ఉంది. చలిదేశాల గ్రీన్‌హౌస్‌లలో టమాటాను పీడించే బూడిదరంగు బూజు మీద ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 1990ల్లో ట్రైకోడెర్మానే ఆకులపై చల్లి, రసాయన మందుతో మార్చి మార్చి వాడి, పిచికారీల సంఖ్య తగ్గించారు. ఫిన్లాండ్‌లో పీట్ మట్టిలో నారు ఎందుకు రోగాలు లేకుండా పెరుగుతోందని వెతికితే అందులో స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవి దొరికింది. దాన్నే పొడిగా చేసి అమ్మారు. నెదర్లాండ్స్‌లో 1967లో ఓ దోసకాయల రైతు మొదలుపెట్టిన కాపర్ట్ సంస్థ ఈ వ్యాపారంలో ఇప్పుడు ప్రపంచమంతా ఉంది. డచ్చివాళ్లు గాజు ఇళ్లలో చదరపు మీటరుకు 50 కిలోలకు పైగా టమాటాలు తీస్తారు. మన పాలీహౌస్‌లో అందులో నాలుగో వంతు వస్తే బాగా పండినట్టే. ఆ లెక్క చూపించి మన రైతుకు గాజు ఇంటి కలలు అమ్మేవాళ్లున్నారు, జాగ్రత్త. వాళ్ల మట్టి మట్టి కాదు, రాతి ఉన్ని. వాళ్ల వేడి గ్యాసు బాయిలర్లది. మనకున్నది కప్పు కింద నల్లరేగడి.

అసలు సమస్య సంచిలో ఉంది. కేంద్ర పురుగుమందుల బోర్డు లెక్కల ప్రకారం ట్రైకోడెర్మా పొడి గ్రాములో కనీసం 20 లక్షల జీవకణాలు, సూడోమోనాస్‌లో అయితే 10 కోట్లు బతికి ఉండాలి. టాల్క్ పొడిలో కలిపిన బూజు నెలలు గడిచే కొద్దీ చనిపోతుంటుంది. రేకుల కప్పు కింద, మే నెల ఎండలో, యూరియా బస్తాల పక్కన పడేసిన సంచిలో మిగిలేది టాల్కే. రైతు దాన్ని చల్లుతాడు, మొక్క చస్తుంది, జీవ మందులన్నీ మోసమని తీర్మానిస్తాడు. ఆ తీర్మానానికి అతన్ని తప్పుపట్టలేం.

రెండో రకం మోసం ఇంకా ప్రమాదకరం. బయో అని రాసి లోపల రసాయనం కలిపి అమ్మే సరుకు. గుంటూరు మిరప రైతులను అడిగితే దీని చరిత్ర రాత్రంతా చెబుతారు. చల్లగానే ఫలితం కనిపిస్తుంది కాబట్టి రైతు మెచ్చుకుంటాడు, అసలైన బూజు నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి పక్కన పెడతాడు. నియంత్రణకు చట్టాలు లేక కాదు. ట్రైకోడెర్మా లాంటివి 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికి వస్తాయి. మొక్కల్ని ఉత్తేజపరుస్తాయంటూ ఏ చట్టానికీ అందకుండా తిరిగిన సీసాలను కూడా 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. కానీ బతికున్న కణాలు లెక్కపెట్టాలంటే ల్యాబ్ కావాలి, నాలుగైదు రోజులు కావాలి. ఊళ్లో షాపు దగ్గర నిలబడ్డ రైతుకు ఆ రెండూ ఉండవు.

ఓ నాటు పరీక్ష చేసుకోవచ్చు. అన్నం వండి చల్లార్చి, శుభ్రమైన పాలిథిన్ సంచిలో గుప్పెడు వేసి, చిటికెడు పొడి కలిపి, మూతి వదులుగా కట్టి, నీడలో ఉంచాలి. మూడు రోజులకు తెల్లగా అల్లుకుని, ఐదో రోజుకు ముదురు ఆకుపచ్చగా మారితే ప్రాణం ఉన్నట్టే. ఏమీ రాకపోతే డబ్బు టాల్కుకు పెట్టినట్టు. నల్లగానో, పసుపుగానో వస్తే వేరే బూజేదో చేరిందని అర్థం. పచ్చనివన్నీ ట్రైకోడెర్మా కావు గనుక దీన్ని తుది తీర్పుగా తీసుకోకూడదు. అసలు దుకాణాల్లో వైరిడి పేరుతో అమ్ముడైన రకాలు కొన్ని నిజానికి ఆస్పరెల్లమ్ అనే సోదర జాతి అని డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది. పేరు ఏదైనా పని చేస్తే రైతుకు చాలు. పుట్టగొడుగులు పెంచేవాళ్లు మాత్రం ఏ పేరుతో వచ్చినా దీన్ని షెడ్డు దరిదాపులకు రానివ్వరు. వాళ్ల పంట కూడా శిలీంధ్రమే మరి.

సూరత్‌లో ఇప్పుడు ఈ సంచి బూజుకు పోటీగా డ్రమ్ము వచ్చింది. 2022 జులై 10న ఇక్కడ జరిగిన ప్రకృతి వ్యవసాయ సదస్సును ఉద్దేశించి ప్రధాని మోదీ మాట్లాడారు. జిల్లాలో పంచాయతీకి 75 మంది చొప్పున రైతులను ఆ దారిలోకి తెచ్చే కార్యక్రమం అది. ఆవుపేడ, మూత్రం, బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి, 200 లీటర్ల నీళ్లు. ఈ జీవామృతం ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో అంతకుముందే ఇంటింటి మాట. రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఇదే ప్రచారం చేస్తోంది. డ్రమ్ములో ఏ జీవి ఎంత ఉందో ఎవరూ లెక్కగట్టరు. ఆవును బట్టి, మట్టిని బట్టి, ఎండను బట్టి మారుతుంది. బయట పొలంలో మట్టికి ప్రాణం పోయడానికి అది మంచిదే కావచ్చు. కానీ ఫ్యుసేరియం పాగా వేసిన పాలీహౌస్‌లో వాయిదా కట్టాల్సిన రైతు ఏ జీవి వేస్తున్నాడో తెలిసి వేయడమే మేలు. డ్రమ్ము ఉన్న రైతుకు సంచి అక్కర్లేదన్న ప్రచారం మాత్రం ఒప్పుకోదగినది కాదు. రెండూ ఒకే మడిలో వేసుకుంటే ఎవరూ కాదనరు. బెల్లం, పిండి బూజుకు కూడా ఇష్టమే.

ట్రైకోడెర్మా సంజీవని కాదు. రోగం వచ్చాక వేస్తే చచ్చిన మొక్క లేవదు. చలికాలపు మబ్బుల్లో లేట్ బ్లైట్ విరుచుకుపడితే ఆకుల మీద ఈ పొడి ఆపలేదు, అప్పుడు రసాయన మందే దిక్కు. కార్బెండజిమ్ లాంటి మందు పోసిన వారంలోనే దీన్ని వేస్తే మిత్రుడూ చస్తాడు. డ్రిప్పులో కలిపి వదిలేటప్పుడు వడకట్టకపోతే నాజిళ్లు మూసుకుపోతాయి. బ్యాక్టీరియా వల్ల వచ్చే ఎండు తెగులు మీద దీని ప్రభావం అంతంత మాత్రం. అక్కడ వంగ మొదలు మీద టమాటాను అంటు కట్టిన నారే నయం. కాడ కోసి గ్లాసు నీళ్లలో పెడితే పాలలాంటి దారాలు దిగాయా, అది బ్యాక్టీరియా. దిగకపోతే ఫ్యుసేరియం అనుకోవచ్చు. ఇంత చిన్న తేడా తెలియక ఒకదానికి మందు మరోదానికి పోస్తున్న షెడ్లు మొయినాబాద్‌లోనూ ఉన్నాయి, బార్డోలీలోనూ ఉన్నాయి.

ఇంకో లెక్క కూడా చెప్పుకోవాలి. ఈ కప్పుల కింద టమాటా వేసేవాళ్లు తక్కువ. ధర నిలకడ ఉండదు. ఒక నెల వంద, మరో నెల రోడ్డు మీద పారబోత. అందుకే ఎక్కువ మంది కాప్సికం, కీరా, గెర్బెరా పూల వైపు మొగ్గుతున్నారు. పితియం, స్క్లెరోషియం, నులిపురుగులు వాటినీ వదలవు కాబట్టి పచ్చని బూజు అక్కడా పనికొస్తుంది. టమాటా వేసే ధైర్యవంతులు వానాకాలం ధర మీద పందెం కాస్తారు. ఆ పందెంలో నారు దశలో పోయే మొక్కలే లాభనష్టాలను తేలుస్తాయి. పదికి రెండు మొక్కలు నారుకుళ్లుకు పోతే ఆ సీజన్ లాభం పోయినట్టే. ఆ రెంటినీ కాపాడగలిగితే సంచి ఖర్చు మొదటి కోతలోనే తిరిగొస్తుంది.

సూరత్ వచ్చినవాళ్లు డుమస్ వెళ్లకుండా తిరిగిపోరు. విమానాశ్రయం దాటి సముద్రం దాకా వెళితే నల్లని ఇసుక తీరం, దెయ్యాల కథలు, వాటికంటే ఎక్కువ మందిని రప్పించే టమాటా భజియా. గట్టి టమాటాను చక్రాల్లా కోసి, ముక్క మీద కొత్తిమీర పచ్చిమిర్చి పచ్చడి మందంగా పట్టించి, శనగపిండిలో ముంచి నూనెలో వేస్తారు. మన మిరపకాయ బజ్జీకి వరసకు అన్నయ్య. ముక్క విడిపోకూడదంటే టమాటా మెత్తగా ఉండకూడదు, కండ ఎక్కువ, గింజల రసం తక్కువ ఉండాలి. పండు భుజం మీద ఓ చిన్న నల్ల మచ్చ ఉన్నా బండివాడు పక్కన పడేస్తాడు. వేడి నూనెలో తడి మచ్చ చిటపటలాడి చేయి కాలుస్తుంది. వాన వెలిసిన ఆదివారం సాయంత్రం బండ్ల ముందు వరస రోడ్డు దాకా ఉంటుంది. ప్లేటు చేతికొచ్చేసరికి అలలు తగ్గి, నల్ల ఇసుక చాలా దూరం బయటపడుతుంది.